బీరువా వెనుక రౌటరు



గత నెల ఈ శీర్షికలో ఇన్వర్టరు బ్యాటరీకి నీళ్ళు పోయడం గురించి వ్రాశాను. దానిమీద ఇంకా కొన్ని ప్రశ్నలు వచ్చాయి గాని, వాటిని వచ్చే నెలకు ఉంచి, ఈసారి బీరంగూడలో ఒక ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. ఇది ఆ ఒక్క ఇంటి సమస్య కాదు. పల్లెలో ఉన్న తల్లిదండ్రులు కూడా పట్నంలో గది తీసుకొని చదువుకొంటున్న పిల్లల దగ్గరనుండి ఫోనులో వింటున్న మాటే: "నాన్నా, లాప్‌టాప్‌కు వైఫై అందడం లేదు, కొత్తది కొనాలేమో."

మొన్న ఒక ఆదివారం ఆరాధన ముగిసి చెప్పులు వేసుకొంటుండగా ఒక సహోదరి నా దగ్గరకు వచ్చింది. "అన్నా, మా ఇంట్ల తండ్రీకొడుకులు మాట్లాడుకోక పదిహేను దినాలయింది. ఆ లాప్‌టాప్ ఒక్కసారి చూసిపోరాదు" అన్నది. యంత్రం బాగుచేయమని అడిగేవారు చాలామంది ఉన్నారు గాని, ఆమె అడిగిన తీరు చూసి ఆ సాయంత్రమే వెళ్ళాను.

తండ్రి పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. కొడుకు ఇంజనీరింగు చివరి సంవత్సరం. బొమ్మలు, డిజైన్లు గీసే సాఫ్ట్‌వేరుకు మామూలు లాప్‌టాప్ చాలదని గేమింగ్ లాప్‌టాప్ అనే బరువైన రకం వాయిదాల మీద కొన్నారు. ఇంకా తొమ్మిది వాయిదాలు ఉన్నాయి. ఇంతలో ఒక ఉద్యోగానికి ఇంట్లోనే కూర్చొని వ్రాసే ఆన్‌లైన్ పరీక్ష వచ్చింది. సగం వ్రాశాక నెట్ తెగింది. మళ్ళీ కలిసేసరికి గడువు అయిపోయింది. కొడుకు ఏడ్చాడట. తండ్రి రాత్రి డ్యూటీ దిగివచ్చి ఆ సంగతి విని, "రాత్రంతా ఆటలాడితే మిషను ఖరాబు గాక ఏమైతది" అన్నాడట. అక్కడ మాట తెగింది.

ఆడడా అంటే ఆడతాడు, ఆ మాట దాచను. అయితే ఆట ఆడినందువల్ల వైఫై బలహీనపడదు. రాత్రంతా ఆడితే ఫ్యాను అరుగుతుంది, లోపల వేడి పెరుగుతుంది, కళ్ళు ఎర్రబడతాయి, పొద్దున కాలేజీ పోతుంది. సిగ్నల్ మాత్రం పోదు. తండ్రికి ఆ సంగతి నేను మొదటే చెప్పి ఉంటే నమ్మేవాడు కాదు గనుక ఏమీ అనకుండా పనిలోకి దిగాను.

ముందు ఆ ఇల్లు ఎట్లాంటిదో చెప్పాలి. బి.హెచ్.ఇ.ఎల్. దాటి ముంబయి రోడ్డు మీద పటాన్‌చెరు వైపు వెళ్తుంటే బీరంగూడ కమాను వస్తుంది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చిన రోజులలో ఈ చుట్టుపక్కల చేలు, చెరువులే. ఇప్పుడు సందుకు రెండు ప్రక్కలా రెండంతస్తులు, మూడంతస్తుల ఇళ్ళు, ఒక గోడకు ఆనుకొని ఇంకొక గోడ. వీరి ఇల్లు కూడా అట్లాంటిదే. క్రింద రెండు గదులు, పైన స్లాబు, స్లాబు మీద కొడుకు చదువుకోవడానికి వేసిన రేకుల గది. నెట్ తీగ వీధి స్తంభం మీదనుండి క్రింది ముందు గదిలోకి వస్తుంది. అక్కడ ప్లగ్గు పాయింటు ఉన్నది బీరువా వెనుక. కాబట్టి రౌటరు కూడా బీరువా వెనుకనే, గోడకూ ఇనుప బీరువాకూ మధ్య జానెడు సందులో, బూజు పట్టి కూర్చొని ఉంది.

నవ్వకండి. మీ ఇంట్లో ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. టీవీ వెనుకనో, అద్దం వెనుకనో, నీళ్ళ బిందెల అరమీదనో ఉంటుంది. తీగలు పట్టుకొని వచ్చిన అబ్బాయి ప్లగ్గు ఎక్కడుంటే అక్కడ పెట్టి పోతాడు. అతడికి ఇంకా పది ఇళ్ళు ఉంటాయి.

వైఫై అనేది రేడియో తరంగమే. మన జగదీశ్ చంద్ర బోస్ గారు 1890లలోనే కలకత్తాలో ఇట్లాంటి పొట్టి తరంగాలను గోడల గుండా పంపించి అవతల గంట మ్రోగించి చూపించారు. గోడ దాటడం తరంగానికి చేతకాని పని కాదు. కాని దాటిన ప్రతి గోడ దగ్గరా సుంకం కడుతుంది. ఇటుక గోడ కొంచెం తీసుకొంటుంది. ఇనుప చువ్వలున్న స్లాబు చాలా తీసుకొంటుంది. నీరు మ్రింగుతుంది. ఇనుప బీరువా అయితే దాటనివ్వదు, వెనక్కి తిప్పికొడుతుంది; ప్రక్కలనుండి పోయినంతే మనకు దక్కేది.

రౌటర్లలో రెండు రకాల తరంగాలు ఉంటాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండవది 5 గిగాహెర్ట్జ్. మొదటిదాని పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, రెండవదానిది అందులో సగంకన్నా తక్కువ. మొదటిది గోడలను కాస్త మెరుగ్గా దాటుతుంది, దూరం పోతుంది, కాని నిదానం. పైగా రద్దీ. రెండవది వేగం ఎక్కువ, రద్దీ తక్కువ, కాని స్లాబు దగ్గర చాలావరకు ఆగిపోతుంది. మన ప్రభుత్వం 2.4 పట్టీని 2005లో లైసెన్సు అక్కర లేకుండా అందరికీ విడిచిపెట్టింది. 5 పట్టీకి ఆ స్వేచ్ఛను 2018లో బాగా విస్తరించింది. అందుకే మనము రౌటరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. అదే కారణంచేత ప్రక్కింటివారి రౌటరు మన దానికి అడ్డు వస్తున్నదని ఎవరికీ ఫిర్యాదు చేయలేము కూడా. 2.4 పట్టీలో ఒకదానిమీద ఒకటి పడకుండా ఇమిడే దారులు మూడే: 1, 6, 11 అనే ఛానెళ్ళు. బీరంగూడ సందులో ఆ గదిలో నిలబడి ఫోనులో చూస్తే పదిహేడు ఇళ్ళ పేర్లు కనబడ్డాయి. మూడు దారులు, పదిహేడు బండ్లు!

ఇక అసలు పని. నెట్ సరిగా రాకపోతే తప్పు నాలుగు చోట్ల ఉండవచ్చు. వీధిలోనుండి వచ్చే తీగలో, రౌటరులో, మధ్యనున్న గాలీ గోడలలో, లేక లాప్‌టాప్‌లో. మనవాళ్ళు ఏమి చేస్తారంటే నాలుగింటినీ కలిపి "నెట్ బాగలేదు" అంటారు. తరువాత ఎవరి అనుమానం వారిది. కొడుకు రౌటరు మార్చాలంటాడు, తండ్రి ఆటలంటాడు, అంగడివాడు మదర్‌బోర్డు అంటాడు. వీరికి నిజంగానే ఒక అంగడిలో మదర్‌బోర్డు పోయిందని, పన్నెండు వేలవుతుందని చెప్పారట. ఆ డబ్బు సర్దడానికి తల్లి సంఘంలో వేసిన చిట్టీ ఎత్తుదామని చూస్తున్నదని నాకు తరువాత తెలిసింది.

నేను చేసినది ఇంతే. లాప్‌టాప్‌ను క్రిందికి తెచ్చి రౌటరుకు రెండడుగుల దూరంలో పెట్టాను. స్టార్ట్ దగ్గర సీ-ఎం-డీ అని ఇంగ్లీషులో కొడితే నల్లటి తెర వస్తుంది. అందులో పీ-ఐ-ఎన్-జీ అని కొట్టి, ఖాళీ వదిలి, రౌటరు నంబరు వేసి, మళ్ళీ ఖాళీ వదిలి అడ్డగీత, టీ అక్షరం కొట్టాలి. రౌటరు నంబరు దాని అడుగున చీటీమీద ఉంటుంది, చాలా ఇళ్ళలో 192.168.1.1. దీనిని పింగ్ అంటారు. లాప్‌టాప్ రౌటరును పిలిచి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో వరుసగా చెబుతూ పోతుంది. ఆపాలంటే కంట్రోల్ మీటతో సీ నొక్కాలి. ఇక్కడ గమనించవలసినది, ఇది వీధి తీగ దాకా వెళ్ళదు, ఇంట్లో సంగతి మాత్రమే చెబుతుంది. రౌటరు ప్రక్కన రెండు మూడు మిల్లీసెకన్లు వచ్చింది. సెకనులో వెయ్యో వంతును మిల్లీసెకను అంటారు గనుక అది చాలా మంచి జవాబు. నెట్‌లో సినిమా పెట్టి చూస్తే ఆగకుండా వచ్చింది. అంటే వీధి తీగ బాగున్నది, రౌటరు బాగున్నది. నాలుగింటిలో రెండు ప్రక్కకు పోయాయి.

అదే లాప్‌టాప్‌ను పైకి తీసుకొనిపోయాము. నలభై, మూడువందలు, జవాబు లేదు, తొంభై, మళ్ళీ జవాబు లేదు. ఆట ఆడేవారికి వేగంకన్నా ఈ జవాబే ముఖ్యం. పరీక్ష వ్రాసేవారికి ఇంకా ముఖ్యం.

ఇక్కడ నేనే ఒక పొరపాటు చేశాను. ఆ గదిలో నా ఫోను తీసి చూస్తే నెట్ చక్కగా వస్తున్నది. "చూశావా బావా, ఫోనుకు వస్తుంది, దానికి రాదు. మిషనే ఖరాబు" అన్నాడు తండ్రి. నేనూ తల ఊపబోయాను. కుర్రవాడు నెమ్మదిగా, "మామా, మీ ఫోను వైఫై మీద లేదు, సిమ్ము మీద ఉన్నది" అన్నాడు. నిజమే. వైఫై నిలవక ఫోను తనంతట తానే మొబైలు డేటాలోకి పోయింది. కాబట్టి ఫోనుతో పోల్చి చూసేటప్పుడు డేటా తప్పకుండా ఆపాలి. ఫోనూ లాప్‌టాప్ రెండూ ఒకే పట్టీ పేరుమీద ఉన్నవో లేదో కూడా చూడాలి. ఒకటి 2.4 మీద, ఒకటి 5 మీద ఉంటే ఆ పోలిక చెల్లదు.

డేటా ఆపి, రెండింటినీ ఒకే పేరుమీద పెట్టి మళ్ళీ చూశాము. సిగ్నల్‌ను కొలిచే ఆప్‌లు ఫోనులో ఉచితంగా దొరుకుతాయి. అవి మైనస్ అంకెలలో చూపిస్తాయి. మైనస్ 50 అయితే బాగు. మైనస్ 67 దాకా వీడియో కాల్ నిలుస్తుంది. 75 దాటితే తడబాటు, 80 దాటితే తెగుడు. పది అంకెలు దిగితే సిగ్నల్ పదో వంతుకు పడిపోయినట్లు. అంటే 50 దగ్గర ఉన్నది 80కి వస్తే వెయ్యో వంతు మిగిలిందన్నమాట. పై గదిలో ఫోను మైనస్ 72 చూపింది. లాప్‌టాప్‌లో ఒక్క గీత, అదీ వస్తూ పోతూ.

అప్పుడు తండ్రినే పిలిచి, "బావా, ఆ బీరువా వెనుకనుండి రౌటరు తీసి మెట్ల మొగదల కిటికీలో పెట్టు, పొడవు ఎక్స్‌టెన్షన్ బోర్డు నేను తెచ్చాను" అన్నాను. నాలుగడుగుల దూరం, అంతే. మెట్ల దారిలో స్లాబు ఉండదు గదా, పైకి తెరిచిన దారి. ఫోను మైనస్ 72 నుండి 61కి వచ్చింది. పది రూపాయలు ఖర్చు లేకుండా పది రెట్లు పైన పెరిగింది. తండ్రి ఆ అంకెను రెండుసార్లు చదివాడు.

కాని లాప్‌టాప్‌లో ఒకటి రెండయింది, అంతకు మించి కదలలేదు. ఫోనుకు అందినది దానికి అందలేదు. ఇంట్లో ఒకే తప్పు ఉందనుకొంటే ఇక్కడే మోసపోతాము. ఇక్కడ రెండు తప్పులు ఒకదాని వెనుక ఒకటి దాగి ఉన్నాయి.

మీట నొక్కితే సరిపోయే సంగతులు ముందు చూశాము. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ అన్నచోట వైఫై కార్డు పేరు ఉంటుంది. దానిమీద రెండుసార్లు నొక్కితే పవర్ మేనేజ్‌మెంట్ అనే చోట, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే టిక్కు ఉంటుంది. అది తీసివేయాలి. అడ్వాన్స్‌డ్ అనే చోట ఏ పట్టీ ముందు ఎంచుకోవాలో చెప్పవచ్చు. డ్రైవరు పాతదయితే లాప్‌టాప్ తయారుచేసినవారి సొంత సైటునుండే కొత్తది దించుకోవాలి, దారిన పోయే సైట్లనుండి కాదు. ఇంకొకటి చాలామందికి తెలియదు. యూఎస్‌బీ 3 రకం హార్డ్‌డిస్కు, దాని తీగ 2.4 పట్టీలో గోల చేస్తాయి. ఇంటెల్ కంపెనీవారే 2012లో దీనిమీద ఒక పత్రం వెలువరించారు. ఈ కుర్రవాడు సినిమాల హార్డ్‌డిస్కు ఎడమప్రక్క ఎప్పుడూ గుచ్చి ఉంచుతాడు. తీసి చూశాము. కొద్దిగా మెరుగు, అంతే.

"అల్లుడా, ఇది ఎప్పటినుండి ఇట్లా ఉంది?" అని అడిగాను. దసరా సెలవుల తరువాత అన్నాడు. "దసరాకు ఏమి చేశావు?" ర్యామ్ వేయించాడట, ఫ్యాను దుమ్ము తీయించాడట. పారిశ్రామికవాడ దుమ్ము సంగతి మీకు తెలిసిందే, గేమింగ్ లాప్‌టాప్ ఫ్యాన్లు పెద్దవి గనుక దుమ్మును ఇంకా ఎక్కువ పీలుస్తాయి. దుమ్ము తీయించడం తప్పు కాదు, మంచిదే. ఆ అంగడి పేరు ఆయన చెప్పాడు గాని ఇక్కడ నాకు దానితో పని లేదు.

లాప్‌టాప్ లోపల వైఫై కార్డు బొటనవ్రేలి గోటికన్నా కొంచెం పెద్దది. దాని మీద రెండు సన్నని తీగలు బొత్తాములాగా నొక్కి ఉంటాయి. అవి మడతబందు గుండా తెర అంచులోకి పోతాయి. అక్కడ ఉంటాయి యాంటెనాలు. (కొన్ని రకాలలో అడుగుభాగంలోనే ఉంటాయి. తెర అంచులో ఉన్నవారు మూత మూసి వేరే తెర తగిలించి వాడితే సిగ్నల్ తగ్గడం సహజం.) ర్యామ్ వేసేటప్పుడు, ఫ్యాను తీసేటప్పుడు చెయ్యి తగిలి ఆ బొత్తాము ఊడుతుంది. ఊడినా వైఫై పూర్తిగా పోదు, అదే దాని మోసం. రౌటరు ప్రక్కన పెడితే బాగానే వస్తుంది, గుమ్మం దాటితే గీతలు రాలిపోతాయి. ఎవరైనా ఈ లక్షణం చెబితే, యంత్రం ఈ మధ్య విప్పారా అని మొదట అడగండి.

వారంటీ ఇంకా ఉన్నవారు విప్పవద్దు, సర్వీసు సెంటరుకు తీసుకొనిపోండి. వీరికి గడువు దాటింది. లాప్‌టాప్ ఆపి, ఛార్జరు తీసి, మూత విప్పగానే మొదట బ్యాటరీ తీగ ఊడదీశాను. చూస్తే నల్ల తీగ ఒకటి కార్డు ప్రక్కన ఊరకే పడి ఉంది. బూడిద రంగుది పైకి కూర్చున్నట్లు కనబడుతున్నది గాని నొక్కి లేదు. రెండూ! బొత్తామును నిట్టనిలువుగా పెట్టి వేలితో నొక్కితే టిక్కుమని చిన్న శబ్దం వస్తుంది. అది వచ్చిందంటే సరి. వంకరగా నొక్కితే లోపలి సూది విరుగుతుంది. ఇవి ఇరవై ముప్పై సార్లకు మించి ఊడదీసి పెట్టడానికి చేసినవి కావు గనుక పరీక్ష కోసం మాటిమాటికీ తీయకూడదు.

ఒకవేళ కార్డే పోయినా భయపడనక్కరలేదు. చాలా లాప్‌టాప్‌లలో అది విడిగా మార్చుకొనే ముక్క. మదర్‌బోర్డుతో పని లేదు. కొన్నిటిలో మాత్రం బోర్డుకే అతికించి ఉంటుంది, అప్పుడు యూఎస్‌బీకి గుచ్చే చిన్న వైఫై పుల్ల చాలు.

మూత బిగించి పైకి తీసుకొనిపోయాము. నాలుగు గీతలు. పింగ్ నాలుగు, ఐదు, నాలుగు, ఏడు. కుర్రవాడు ఏమీ అనలేదు. తండ్రి తెరవైపు కొంతసేపు చూసి, "అంటే ఆ దినం పరీక్షల తెగింది దీనివల్లనా?" అని నన్ను అడిగాడు. దీనివల్లనే అన్నాను. ఆయన క్రిందికి పోయి టీ పెట్టమని చెప్పాడు.

అంతటితో అయిపోలేదు. రాత్రి ఎనిమిది దాటగానే మళ్ళీ ముప్పై, అరవై అని ఎగరసాగింది. చుట్టుప్రక్కల అందరూ ఇళ్ళకు చేరి టీవీలు, ఫోన్లు పెట్టే వేళ అది. 5 పట్టీకి మార్చితే కొంత తగ్గింది. కాని రేకుల గదిలో, స్లాబు మీద, 5 పట్టీ అంచుమీద నిలబడ్డట్లే. ఇక్కడ అంగళ్ళలో రేంజి పెంచే డబ్బా అని ఒకటి అంటగడతారు. దానిని సిగ్నల్ బాగున్నచోట పెడితేనే అది మంచి సిగ్నల్ పంచుతుంది. మనవారు సిగ్నల్ లేని గదిలో పెట్టి, పని చేయడం లేదని తిడతారు. పైగా జవాబుకు ఆలస్యం పెంచుతుంది గనుక ఆటకూ పరీక్షకూ నేను దానిని సిఫారసు చేయను. ఒకేచోట కూర్చొని పని చేసే యంత్రానికి తీగకు మించినది లేదు. క్యాట్ 6 అనే రకం లాన్ కేబులు, రెండు చివరలా ప్లగ్గులు కొట్టినది, ఇరవై మీటర్లు ఐదారు వందలలో వస్తుంది. నూరు మీటర్ల దాకా అది బలహీనపడదు. గేమింగ్ లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ తీగ గుచ్చే రంధ్రం ఉంటుంది. వీరిదానికీ ఉంది, కొన్న రోజునుండి దానిమీద రబ్బరు బిరడా కూడా తీయలేదు.

పల్లెలలో రౌటరు లేక ఫోను హాట్‌స్పాట్ మీద చదువుకొనే పిల్లలకు ఒక మాట. ఫోను ఛార్జింగు తీగతోనే లాప్‌టాప్‌కు కలిపి, సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. మధ్యలో వైఫై గొడవ ఉండదు, ఫోను ఛార్జీ కూడా దిగదు. ఆ తీగ పొడవుగా ఉంటే ఫోనును టవరు వైపు కిటికీలో పెట్టవచ్చు. ఇంట్లో నెట్ ఉన్నవారు కూడా పరీక్ష దినాన దీనిని సిద్ధంగా ఉంచుకోవాలి. కరెంటు పోతే లాప్‌టాప్ నడుస్తుంది గాని రౌటరు ఆగిపోతుంది. ఇన్వర్టరు లేనివారు రౌటరుకు సరిపడే చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం కేబులు కొని తెచ్చారు. మెట్ల గోడ వెంట తండ్రి నిచ్చెన ఎక్కి క్లిప్పులు కొడుతుంటే కొడుకు క్రిందనుండి తీగ అందించాడు. కరెంటు తీగల పైపులోనే దీనిని కూడా దూర్చుదామని ఆయన అంటే, వద్దు, జానెడు ఎడంగా పోనివ్వమని నేను చెప్పాను. మూల తిరిగే దగ్గర గట్టిగా మడవకుండా చెయ్యంత వంపుతో తిప్పాలి. "నాన్నా, జరంత లూజు ఇడువు" అన్నాడు కుర్రవాడు. "ఎంత?" అన్నాడు తండ్రి పైనుండి.